స్లైడింగ్ మైటర్ సా కొనేముందు కోయబోయే కలపను కొలవండి

ఇంటి వెనుక రేకుల షెడ్డులోనో, వసారాలో ఒక పక్కనో చిన్న వడ్రంగి పనిచోటు ఏర్పాటు చేసుకున్నవారు, మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి కోసే దశ దాటగానే మైటర్ సా, అంటే చెక్కను అడ్డంగా, కావలసిన కోణంలో కోసే యంత్రం, కొనాలనుకుంటారు. దుకాణానికి వెళ్లాక రెండు రకాలు ఎదురవుతాయి. ఒకదానిలో బ్లేడు పైనుంచి కిందికి మాత్రమే దిగుతుంది. దాన్ని మామూలు మైటర్ సా అనుకుందాం. రెండోదానిలో బ్లేడు కిందికి దిగడమే గాక కడ్డీల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది; అది స్లైడింగ్ మైటర్ సా. ఈ రెండో రకానికి ధర ఎక్కువ, బరువు ఎక్కువ, ఆక్రమించే చోటు కూడా ఎక్కువ. ఆ అదనపు ఖర్చుకు ప్రతిఫలంగా అది ప్రధానంగా ఇచ్చేది వెడల్పు చెక్కను ఒకే కోతలో అడ్డంగా కోయగల శక్తి. అందువల్ల ఎంపికను కంపెనీ పేరుతోనో మోటారు వాట్లతోనో మొదలుపెట్టకూడదని, మీరు రాబోయే రెండు మూడేళ్లలో కోయబోయే కలప కొలతలతో మొదలుపెట్టాలని నా దృఢమైన అభిప్రాయం.

బ్లేడు గుండ్రంగా ఉంటుంది గనుక మామూలు మైటర్ సాలో చెక్క మందం పెరిగేకొద్దీ కోతకు అందే వెడల్పు తగ్గుతుంది. 255 మి.మీ. బ్లేడున్న మామూలు యంత్రం, అంటే మన దుకాణాలలో పది అంగుళాలదని అడిగి తీసుకునేది, 65 నుంచి 70 మి.మీ. మందం వరకు సుమారు 130 మి.మీ. వెడల్పును కోస్తుంది, మందం 90 మి.మీ. దగ్గరకు వచ్చేసరికి అందే వెడల్పు సుమారు 95 మి.మీ.కు పడిపోతుంది. స్లైడింగ్ యంత్రంలో బ్లేడు జరుగుతూ పోతుంది గనుక, దానికి అందే మందం లోపల పూర్తి వెడల్పు తెగుతుంది. 216 మి.మీ. బ్లేడున్న స్లైడింగ్ యంత్రాలు సాధారణంగా 250 నుంచి 310 మి.మీ. వెడల్పునూ, 60 నుంచి 70 మి.మీ. మందాన్నీ కోస్తాయి. 255 మి.మీ. రకం దాదాపు అంతే వెడల్పును, 90 మి.మీ. వరకు మందాన్ని కోస్తుంది. 305 మి.మీ. రకం 340 నుంచి 350 మి.మీ. వెడల్పునూ, 105 నుంచి 110 మి.మీ. మందాన్నీ అందుకుంటుంది. ఇవన్నీ చెక్కను 90 డిగ్రీలకు కోసినప్పటి కొలతలు. 45 డిగ్రీల మూలకు తిప్పితే వెడల్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. బ్లేడును పక్కకు వంచి కోస్తే మందం అంతకంటే గట్టిగానే తగ్గుతుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే కొలత మొదటిదే. మీకు కావలసింది మిగిలినవి కూడా.

ఇప్పుడు ఈ అంకెలను మన కలప పక్కన పెట్టి చూడాలి. అడితికి వెళ్లి వేప గానీ టేకు గానీ తుమ్మ గానీ ద్వారబంధానికి కోయించుకుంటే 5×3 అంగుళాలు అనేది చాలా మామూలు కొలత. అది 127×76 మి.మీ. నాలుగు పక్కలా చిత్రిక పట్టాక ఇంచుమించు 121×71 మి.మీ.కు వస్తుంది. 216 మి.మీ. స్లైడింగ్ యంత్రానికి వెడల్పు సమస్యే కాదు, కానీ దానికి అందే అత్యధిక మందం 70 మి.మీ. మాత్రమే కావడంతో అడుగున పల్చటి పొర తెగకుండా మిగిలిపోతుంది. 255 మి.మీ. మామూలు యంత్రంలో ఇదే ముక్క సరిహద్దు మీద ఉంటుంది. చిత్రిక పట్టిన తరువాత బహుశా తెగుతుంది, పట్టకముందైతే చివర కొంచెం మిగులుతుంది, ముక్కను తిప్పి రెండో పక్కనుంచి పూర్తి చేయాలి. 255 మి.మీ. స్లైడింగ్ యంత్రం మాత్రం దాన్ని ఏ సందేహమూ లేకుండా ఒకే కోతలో కోస్తుంది. అంటే స్లైడింగ్ కొన్నంత మాత్రాన ప్రతి పనికీ పెద్ద యంత్రం కొన్నట్టు కాదు. ద్వారబంధాల పని మనసులో పెట్టుకుని చిన్న స్లైడింగ్ తెచ్చుకున్నవారికి అది మొదటి వారంలోనే చాలకుండా పోతుంది.

కిటికీ చట్రాలు, పటాల చట్రాలు, కుర్చీలు, స్టూళ్లు, మంచపు కోళ్లు, బీడింగులు, రీపర్లు, వీటిలో అయిదంగుళాల వెడల్పు దాటే ముక్క అరుదు. మార్కాపురం పలకలకు బిగించే చట్రాలంతటి సన్నని బద్దలైతే మరీ సులువు. ఇలాంటి పనే మీ పనిలో ఎక్కువ భాగమైతే మామూలు 255 మి.మీ. యంత్రమే సరైన ఎంపిక. ఇది తక్కువ ధరకు సర్దుకుపోవడం కాదు. ఆ పనికి అదే మెరుగైన యంత్రం కూడా, దానికి కారణం కింద వస్తుంది. బల్లలు, పుస్తకాల అరలు, ఊయల బల్లలు, మెట్ల పలకలు వంటివి గట్టి కలపతో చేసేవారికి ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల పలకలు రోజూ ఎదురవుతాయి. వారికి స్లైడింగ్ నిజంగా అవసరం.

ప్లైవుడ్ సంగతి వేరు, దీన్ని విడిగా చెప్పక తప్పదు. 8×4 అడుగుల షీటును మైటర్ సా ఏదీ కోయలేదు. వంటగది కప్‌బోర్డు పక్కపలకలు దాదాపు రెండడుగుల లోతు ఉంటాయి, 305 మి.మీ. బ్లేడున్న అతి పెద్ద స్లైడింగ్ యంత్రం కూడా ఆ వెడల్పులో సగం దాటి కొంత దూరమే వెళ్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ పనే ఎక్కువగా చేసేవారు మైటర్ సాకు పెట్టదలచిన డబ్బుతో చేత్తో పట్టుకుని నడిపే మంచి సర్క్యులర్ సా, దాన్ని తిన్నగా నడిపించే గైడు రైలు, మంచి బ్లేడు కొనుక్కోవడం మేలు. అదే సర్క్యులర్ సాను ఒక పెద్ద మూలమట్టం ఆనించి నడిపితే పన్నెండు అంగుళాల గట్టి పలక కూడా అడ్డంగా చక్కగా తెగుతుంది. ఏడాదికి పది పన్నెండు వెడల్పు పలకలకు మించి కోయనివారికి మామూలు మైటర్ సా, సర్క్యులర్ సా రెండూ కలిపి కొనడం ఒక్క స్లైడింగ్ కొనడం కంటే ఎక్కువ పనులకు వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఖచ్చితత్వం ఎక్కడ పోతుంది

మామూలు యంత్రంలో బ్లేడు, మోటారు ఒకే ఇరుసు మీద వంగి లేస్తాయి. అక్కడ సడలింపు రావడానికి ఉన్న చోటు ఆ ఇరుసు ఒక్కటే. స్లైడింగ్ యంత్రంలో దానికి తోడు కడ్డీలు, వాటిని పట్టుకునే బేరింగులు, పొడుగ్గా బయటికి వచ్చే చేయి ఉంటాయి. చేయి పూర్తిగా ముందుకు లాగినప్పుడు బ్లేడు బరువంతా ఆ కడ్డీల చివర వేలాడుతుంది గనుక, చవక యంత్రాలలో పక్కకు కదలిక ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే ధరకు దొరికే మామూలు యంత్రాన్నీ స్లైడింగ్ యంత్రాన్నీ పోల్చితే, మొదటిదే ఎక్కువ నిలకడగా ఉంటుందన్నది దాదాపు నియమంగా తీసుకోవచ్చు. అందుకే చిన్న చట్రాలు చేసేవారికి మామూలు యంత్రం మెరుగైనదని పైన చెప్పాను.

చిన్న తేడా ఎంత పని చెడగొడుతుందో లెక్క వేసి చూడండి. పటం చట్రానికి నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ప్రతి కోతలో పదోవంతు డిగ్రీ తేడా ఒకే వైపు ఉంటే, మూడు మూలలను గట్టిగా బిగించాక నాలుగో మూలలో 0.8 డిగ్రీల తేడా కుప్పపడుతుంది. 50 మి.మీ. వెడల్పు బద్దలో 45 డిగ్రీల కోత పొడవు దాదాపు 71 మి.మీ. గనుక అది దాదాపు 1 మి.మీ. సందు. పాలిష్ వేసిన తరువాత ఆ సందు చూసేవారి కంటికి మొదట తగులుతుంది.

దుకాణంలో ఈ సంగతి తేల్చుకోవడానికి ప్రత్యేకమైన పనిముట్లు అక్కరలేదు. ప్లగ్గు తీసివేసి, చేయి పూర్తిగా ముందుకు లాగి, పిడిని పట్టుకుని పక్కలకు మెల్లగా కదపండి. పిడి కొద్దిగా ఊగడం సహజం, కానీ బ్లేడు అంచు స్పష్టంగా పక్కకు జరిగితే ఆ యంత్రాన్ని వదిలేయండి. కడ్డీల మీద చేయి మొదటినుంచి చివరిదాకా ఒకే మృదుత్వంతో జరగాలి. మధ్యలో పట్టేసినట్టు అనిపిస్తే అది వాడకంతో పోతుందన్న హామీని అంగీకరించకండి. ఆ తరువాత దుకాణంవారు ఒప్పుకుంటే, సమాంతరమైన అంచులున్న పది అంగుళాల పలకను 90 డిగ్రీల దగ్గర ఒక్కసారి కోయించండి. తెగిన రెండు ముక్కలలో ఒకదాన్ని బోర్లా తిప్పి, కోసిన అంచులను మళ్లీ ఒకదానికొకటి ఆనించండి. యంత్రం మట్టంగా ఉంటే సందు కనిపించదు. సందు కనిపిస్తే అది అసలు తేడాకు రెట్టింపు. తేడా ఉన్నంత మాత్రాన యంత్రం పనికిరానిదని కాదు, చెక్కను ఆనించే వెనుక ఫెన్సును సరిచేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుబాటు చేశాక రెండో కోతలో అదే తేడా తిరిగి వస్తే మాత్రం ఆలోచించాలి. సర్దుకోలేని కోణం కన్నా, కోతకోతకూ మారే కోణం మరీ ప్రమాదకరం.

చోటు, కరెంటు

చాలా స్లైడింగ్ యంత్రాలలో బ్లేడును వెనక్కు నెట్టినప్పుడు కడ్డీలు యంత్రం వెనుకకు పొడుచుకు వస్తాయి. గోడకు ఆనించి బల్ల వేసుకున్నవారు దీన్ని ముందే కొలుచుకోవాలి. మూడడుగుల వరకు లోతు అవసరమయ్యే నమూనాలు ఉన్నాయి. మకిటా ఎల్‌ఎస్1019ఎల్ వంటి యంత్రాలలో కడ్డీలు కదలకుండా ముందువైపే ఉండి, బ్లేడు, మోటారు ఉన్న తల మాత్రమే జరుగుతుంది. బాష్ జీసీఎం 12 జీడీఎల్‌లో కడ్డీలకు బదులు మోచేతిలా మడిచే చేయి ఉంటుంది. ఇవి గోడకు దగ్గరగా నిలుస్తాయి, కానీ ధర బాగా పెరుగుతుంది, పైగా బాష్ యంత్రం ముప్పై కిలోలు దాటుతుంది. ప్రతి పనికీ లోపలినుంచి తెచ్చి వాకిట్లో పెట్టుకుని, పని కాగానే మళ్లీ లోపల దాచుకునేవారికి 11 కిలోల మకిటా ఎల్‌ఎస్1040 వంటి మామూలు యంత్రానికీ, 17 కిలోల దరిదాపుల్లో ఉండే బాష్ జీసీఎం 8 ఎస్‌జేఎల్ వంటి 216 మి.మీ. స్లైడింగ్ యంత్రానికీ ఉన్న తేడా నడుముకు తెలుస్తుంది. రెండు పక్కలా పొడవైన కలప ఆనడానికి చోటు కావాలన్నది మరచిపోకూడదు. ఏడడుగుల నిలువు ముక్కను రెండు కొసలలో ఏ వైపైనా కోయాలంటే రెండు పక్కలా కలిపి దాదాపు పద్నాలుగు అడుగుల పొడవున అడ్డు లేకుండా ఉండాలి.

ఈ యంత్రాలు 1,400 నుంచి 2,000 వాట్ల మధ్య ఉంటాయి. 1,600 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర సుమారు ఏడు ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో అంతకు చాలా ఎక్కువ లాగుతుంది. ఫ్యానుకూ బల్బుకూ వేసిన చిన్న సాకెట్టు నుంచి దీన్ని నడపకండి. 16 ఆంపియర్ల సాకెట్టు, దాని వరకు 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, సరిగా పనిచేసే ఎర్తు తప్పనిసరి. షెడ్డు ఇంటికి దూరంగా ఉంటే పొడిగింపు తీగ కూడా అంతే మందం ఉండాలి. సన్నని తీగలో వోల్టేజీ పడిపోయి, బ్లేడు వేగం తగ్గి, మోటారు వేడెక్కి, కార్బన్ బ్రష్షులు త్వరగా అరుగుతాయి. లైను చివర ఉన్న ఊళ్లలో సాయంత్రం వోల్టేజీ తగ్గే అలవాటుంటే, గట్టి తుమ్మ, మద్ది దుంగల కోతలు పగటిపూట పెట్టుకోవడం మంచిది. సాఫ్ట్ స్టార్ట్, అంటే మోటారును మెల్లగా మొదలుపెట్టే ఏర్పాటు, ఉన్న యంత్రం ఇలాంటి కరెంటు మీద గుర్తించదగిన తేడా చూపిస్తుంది గనుక, దానికి కొంత అదనంగా చెల్లించడం నా దృష్టిలో సబబే. ఇళ్లలో ఉండే మామూలు ఇన్వర్టరు ఈ భారాన్ని మోయలేదు. బ్యాటరీ యంత్రాలు కరెంటు లేని చోట పనిచేసే కాంట్రాక్టర్లకు తగినవి. ఒకే చోట నిలిచి ఉండే ఇంటి పనిచోటుకు ఆ బ్యాటరీల ఖర్చు అనవసరం.

రెండు వైపులకూ వంగే తల, లేజరు గీత వంటి అదనపు సౌకర్యాల విషయంలో తొందర అక్కరలేదు. తల రెండు వైపులకూ వంగడం ప్రధానంగా పైకప్పు అంచున పొడవైన చెక్క మోల్డింగు బిగించేవారికి ఉపయోగం. మన ఇళ్లలో ఆ పని ఎక్కువగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అవుతుంది. ఒకవైపు వంగేది చాలు. లేజరు కంటే బ్లేడు నీడను చెక్క మీద పడేలా చేసే ఎల్‌ఈడీ దీపం మేలు, ఎందుకంటే ఆ నీడను ఎప్పుడూ సర్దవలసిన పనిలేదు.

బ్లేడు

యంత్రంతో వచ్చే బ్లేడు తరచుగా ముతక కోతకే పనికివస్తుంది. కొనేటప్పుడే ఇంకో బ్లేడుకు డబ్బు పక్కన పెట్టుకోండి. అడ్డకోతకు 255 మి.మీ.లో 60 పళ్లది సామాన్యంగా సరిపోతుంది, పటం చట్రాలకూ లామినేటుకూ 80 పళ్లది శుభ్రంగా కోస్తుంది. స్లైడింగ్ యంత్రం విషయంలో పళ్ల సంఖ్య కన్నా పన్ను వంపు ముఖ్యం. పళ్లు ముందుకు బాగా వంగి ఉన్న బ్లేడు, అంటే నిలువు కోతకు సర్క్యులర్ సాలో వాడేది, స్లైడింగ్ యంత్రంలో బిగిస్తే చెక్కను పట్టి, దాని మీదికి ఎక్కి, చేతివైపు దూసుకొస్తుంది. సున్నాకు దగ్గరగానో కొద్దిగా వెనక్కో వంగిన పళ్లున్న బ్లేడునే అడగండి. మధ్య రంధ్రం కూడా చూసుకోవాలి: కొన్ని యంత్రాలకు 25.4 మి.మీ., కొన్నింటికి 30 మి.మీ. ఉంటుంది. 255 మి.మీ. బ్లేడులు ఎక్కడైనా దొరుకుతాయి, 216 మి.మీ. బ్లేడులకు ఒంగోలు, నెల్లూరు దుకాణాలలో ఎంపిక తక్కువగా ఉండవచ్చు గనుక, యంత్రం ఎంచుకోకముందే ఆ దుకాణంలో ఏ ఏ బ్లేడులు ఉన్నాయో అడిగి తెలుసుకోవడం మంచిది.

పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలలో మంచి కలపకు ముఖ్యమైన ఆధారం. వాటిలో తలలు విరిగి లోపలే ఉండిపోయిన మేకులు ఉంటాయి. ఒక్క మేకు తగిలితే కార్బైడు పన్ను ఊడి బుల్లెట్టులా ఎగురుతుంది. పాత కలపను కోసేముందు గట్టి అయస్కాంతంతో పొడవునా వెతకండి, దానికి పాత బ్లేడునే వాడండి. కొత్తగా కోయించిన పచ్చి వేప, పచ్చి జామాయిలు కోత మధ్యలో బిగుసుకుని బ్లేడును నొక్కుతాయి. వాటిని ఆరనిచ్చాకే ఈ యంత్రం మీదకు తేవాలి.

కోసే పద్ధతి

స్లైడింగ్ యంత్రాన్ని తెలియక వాడేవారు బ్లేడును చెక్క వెనుకనుంచి తమవైపు లాగుతూ కోస్తారు. అది తప్పు. యంత్రపు చేయిని మొదట పూర్తిగా తమవైపు లాగి, మోటారు పూర్తి వేగం అందుకున్నాక బ్లేడును చెక్క ముందు అంచు దగ్గర కిందికి దించి, ఆ తరువాత గోడవైపుకు నెట్టుతూ కోయాలి. కోత అయ్యాక బ్లేడు పూర్తిగా ఆగేవరకు తల పైకి ఎత్తకూడదు. బ్లేడుకు ఒక జాన దూరం లోపలికి చేతివేళ్లు రాకూడదు. ఉదయగిరి కొయ్య చెంచాలు చెక్కేవారి చేతిలో ఉండేటంతటి చిన్న ముక్కలను ఈ యంత్రం మీద పెట్టనే కూడదు. అలాంటి వాటికి చేతిరంపమే సరైనది. చేతి తొడుగులు, భుజం మీది తువ్వాలు, విడిగా వేలాడే లుంగీ అంచు, వీటిలో ఏది బ్లేడుకు చిక్కినా చేతిని లోపలికి లాగేస్తుంది. మొదటి రోజునుంచీ కళ్లజోడు, చెవులకు రక్షణ, మంచి మాస్కు ఉండాలి. కలప దుమ్మును 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. స్లైడింగ్ యంత్రాల దుమ్ము సంచులు పడే పొట్టులో చాలా భాగాన్ని పట్టలేవు. వ్యాక్యూమ్ గొట్టం బిగించే వీలున్న నమూనాను ఎంచుకోండి, మూసిన గదిలో కన్నా వాకిలి దగ్గర పనిచేయండి.

మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి కడ్డీలకు తుప్పు పట్టిస్తుంది. అక్టోబరునుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలలో తేమ ఇంకా పెరుగుతుంది. కనిగిరి, మార్కాపురం వైపు ఉన్నవారికి ఈ బాధ తక్కువ. తీరంలో ఉండి, యంత్రాన్ని వారాల తరబడి ముట్టుకోని అలవాటున్నవారికి మామూలు యంత్రమే క్షేమమని చెబుతాను, ఎందుకంటే తుప్పు పట్టి చెడిపోయే కడ్డీలే దానికి లేవు. స్లైడింగే కావాలంటే పని అయిన ప్రతిసారీ కడ్డీలను పొడిగుడ్డతో తుడిచి, పల్చగా మైనం రాయండి. నూనె రాయకండి; పొట్టు దానికి అంటుకుని బేరింగులలోకి పోతుంది.

సర్వీసు సంగతి చివరగా చూడవలసినదైనా తేలిక విషయం కాదు. కార్బన్ బ్రష్షులు, బెల్టు, స్విచ్చు, ఈ మూడూ నెల్లూరులోనో ఒంగోలులోనో దొరుకుతాయా, లేక చెన్నైకో విజయవాడకో పంపాలా అన్నది దుకాణదారుని ముందే అడగండి. ఆన్‌లైనులో తక్కువ ధరకు దొరికే పేరు తెలియని స్లైడింగ్ యంత్రాల దగ్గర నన్ను ఆపే కారణం ఇదే: రెండేళ్ల తరువాత విరిగిన చిన్న ప్లాస్టిక్ భాగం దొరక్క మొత్తం యంత్రం మూలన పడుతుంది. బిల్లు తీసుకుని, వారంటీ నమోదు చేసుకుని, పెట్టె పారేయకుండా ఉంచండి. ఇంటికి తెచ్చిన రోజే బోర్లా తిప్పి ఆనించే పరీక్షను మీ సొంత పలక మీద మళ్లీ చేయండి; సర్దుబాటుకు లొంగని తేడా కనిపిస్తే మార్చుకోవడానికి గడువు అప్పటికి ఇంకా మిగిలి ఉంటుంది.